తగ్గిన కిలోలు మళ్లీ ఎందుకొస్తున్నాయి?

పోయిన నెల ఇదే పేజీలో పాఠకుల్ని ఒకటి అడిగాం: బరువు ఎలా తగ్గారో కాదు, తగ్గాక ఏమైందో రాయండి అని. ఉత్తరాలు సంచి నిండా వచ్చాయి, అందులో ముప్పాతిక వంతు ఒకటే కథ, తగ్గాం, మళ్లీ పెరిగాం, ఇప్పుడు నలుగురిలోకి వెళ్లాలంటే సిగ్గుగా ఉంది అని. పేర్లు వేయొద్దన్నారు చాలామంది, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు, ఊళ్లు మాత్రమే. జవాబులు కొన్ని పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు ముక్కల్లో అయిపోతాయి, ఉత్తరాన్ని బట్టి. నేను న్యూట్రిషనిస్టుని, ఒకప్పుడు లావుగా ఉండి తగ్గినదాన్ని కూడా, కాబట్టి ఇందులో కొంత చదివి చెప్పేది, కొంత పడి చెప్పేది.

ప్రశ్న: గవర్నమెంటు స్కూల్లో టీచర్ని, 43 ఏళ్లు. 82 కిలోలుండేదాన్ని. రెండేళ్ల క్రితం అన్నం పూర్తిగా మానేశాను. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం, రాత్రి పుల్కాలు, సాయంత్రం నడక, ఇలా చేసి ఏడెనిమిది నెలల్లో 68కి వచ్చాను. స్టాఫ్‌రూమ్‌లో అందరూ ‘ఏం చేశారు మేడమ్’ అని వెంటపడేవాళ్లు. ఇప్పుడు 77. నేనేం విచ్చలవిడిగా తినడం లేదండీ, ఒట్టు. మొన్న ఒక పెళ్లిలో మా తోడికోడలు ‘మళ్లీ మొదటికే వచ్చావుగా’ అంది, అందరి ముందూ. నాకు పట్టుదల లేదా, లేక ఒంట్లో ఏదైనా లోపమా? (ఏలూరు)

జవాబు: ముందు లెక్క సరిచేద్దాం. 77 అంటే 82 కాదు. ఇంకా అయిదు కిలోలు తగ్గే ఉన్నారు, రెండేళ్ల తర్వాత కూడా. ఈ మాట మీ తోడికోడలికి చెప్పక్కర్లేదు గానీ మీకు మీరు చెప్పుకోండి.

మీరు ఎక్కువ తినడం లేదన్న మాట నేను నమ్ముతున్నాను. అందరిలాగే తింటున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. 82 కిలోల ఒంటిని రోజంతా మోయడానికి అయ్యే ఖర్చు 68 కిలోల ఒంటికి అవ్వదు, ఇది ఎవరికైనా అర్థమయ్యేదే. దానిపైన ఇంకోటి ఉంది, అది చాలామందికి తెలీదు. బరువు తగ్గిన శరీరం, మొదటి నుంచీ తగ్గకుండా, పెరగకుండా అదే బరువున్న శరీరం కంటే కూడా తక్కువ ఖర్చు పెడుతుంది. ఎప్పుడు కరువొస్తుందో అని పొదుపు మొదలుపెడుతుందన్నమాట. అమెరికాలో టీవీలో ఒక బరువు తగ్గే పోటీ వచ్చేది, అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు, ఆరేళ్లలో 41 కిలోలు మళ్లీ పెరిగారు. అది అలా ఉంచండి, ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చు చేసే శక్తి, వాళ్ల సైజుకి ఉండాల్సినదానికంటే రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువుంది, ఆరేళ్ల తర్వాత కూడా. వాళ్లు తగ్గిన తీరు విపరీతమైనది, మీ నష్టం అంత ఉండదు, కానీ దారి అదే.

ఆకలి సంగతీ అంతే. ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాల పాటు బాగా తక్కువ తిండి పెట్టి తగ్గించారు. కడుపు నిండింది చాలు అని మెదడుకి చెప్పే లెప్టిన్ పడిపోయింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగింది, సరే, అది ఊహించిందే, కానీ ఏడాది తర్వాత చూసినా అవి పాత స్థాయికి రాలేదు. 2011లో వచ్చిన పరిశోధన ఇది. కాబట్టి మధ్యాహ్నం క్యారేజీ ఖాళీ చేశాక కూడా నాలుగింటికి బిస్కెట్ ప్యాకెట్ వైపు చెయ్యి పోతోందంటే అది పట్టుదల లేకపోవడం కాదు. రెండేళ్లుగా నిజంగానే మీకు పక్కావిడ కంటే ఎక్కువ ఆకలేస్తోంది, అంతే.

ఇక అన్నం. మన ఇళ్లలో అన్నం పూర్తిగా మానేయడం అనేది ఏడు నెలలు చేయగలిగే పని, డెబ్భై ఏళ్లు చేయగలిగేది కాదు. మీ ఉత్తరంలో రాయలేదు గానీ నేను ఊహించగలను: మొదట ఒక ఆదివారం, తర్వాత పండక్కి, తర్వాత ‘మధ్యాహ్నం ఒక్కపూటేగా’ అని అన్నం తిరిగొచ్చింది. మరి దాని బదులు వచ్చిన పుల్కాలు వెళ్లాయా? చాలా ఇళ్లలో వెళ్లవు. పళ్లెంలో రెండూ ఉంటాయి.

అందుకని నేను చెప్పేది, అన్నాన్ని దొంగలా రానివ్వకుండా దర్జాగా పిలవండి, కొలిచి పిలవండి. రైస్ కుక్కర్‌తో పాటు చిన్న ప్లాస్టిక్ కప్పు ఒకటిస్తారు చూడండి, ఏ డబ్బాలోనో పడి ఉంటుంది, అది తీయండి. దాని నిండా బియ్యం పోస్తే సుమారు 150 గ్రాములు, ఉడికితే 400 గ్రాముల దాకా అన్నం, దగ్గర దగ్గర 520 కేలరీలు. మీ ఒక్కరికీ ఒక పూటకి అందులో సగం బియ్యం చాలు. ఆ సగం కప్పు ఉడికాక పళ్లెంలో ఎంత జాగా పడుతుందో ఒకసారి విడిగా వండి చూడండి, తర్వాత రోజూ కొలవక్కర్లేదు, కంటికే తెలుస్తుంది. దాంట్లోకి కూర అన్నమంత, పప్పు గట్టిగా, పెరుగు. పుల్కా ఉన్న పూట అన్నం లేదు, అన్నం ఉన్న పూట పుల్కా లేదు.

నూనె కూడా చూసుకోండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది మనిషికి రోజుకి 20 నుంచి 30 గ్రాములు. అంటే నలుగురున్న ఇంటికి నెలకి రెండున్నర నుంచి నాలుగు లీటర్ల దాకా. అయిదు లీటర్ల క్యాను మీ ఇంట్లో ఎన్నాళ్లకి అయిపోతోందో క్యాను మీదే తేదీ వేసి చూడండి, ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

మళ్లీ 68కి పరిగెత్తకండి. రెండు మూడు నెలలు 77 దగ్గరే ఆగండి, పెరగకుండా. ఆగడం వచ్చాక 74. తగ్గడం మీకు బాగానే వచ్చు, ఒకసారి చేసి చూపించారు, రానిది ఆగడం, ఈసారి ముందు దాన్ని సాధన చేయండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ జాబ్, నైట్ షిఫ్ట్, 29 ఏళ్లు. ఊరు కరీంనగర్, ఉండేది హైదరాబాద్. ఫ్రెండ్స్ చెప్తే కొబ్బరినూనె డైట్ చేసిన. అన్నం బంద్, రొట్టె బంద్, నూనె తాగుడు, నిమ్మకాయ నీళ్లు. మొదటి రెండు వారాల్లనే ఆరు కిలోలు పోయినయ్. అమ్మ చూసి ‘గింత బక్కగైనవేంది బిడ్డా’ అన్నది. తర్వాత మా అక్క పెళ్లి, నాలుగు రోజులు బగారన్నం, మటన్. వచ్చి కాటా ఎక్కితే నాలుగు కిలోలు పెరిగిన. ఇగ ఇదంతా వేస్ట్ అని ఇడిచిపెట్టిన, ఇప్పుడు మొదటికంటే మూడు కిలోలు ఎక్కువున్న. మా నాన్నకు షుగర్, ఆయన కూడా ఆ డైట్ చేస్తనంటున్నడు. చేయొచ్చా? (హైదరాబాద్)

జవాబు: నాన్నగారి సంగతి ముందు. షుగర్‌కి మాత్రలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా ఒక్కసారిగా అన్నం, రొట్టె ఆపేయకూడదు. కొన్ని మాత్రలు, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటివి, తిన్నా తినకపోయినా షుగర్‌ని దించుతూనే ఉంటాయి. చెమటలు పట్టి, చేతులు వణికి, బైక్ మీద కళ్లు తిరిగితే ఏం చేస్తారు? ముందు డాక్టర్ దగ్గరికెళ్లి, ‘తిండి ఇలా మారుస్తాను, మాత్ర ఎంత మార్చాలి’ అని అడగమనండి. ఆ డాక్టర్ వద్దంటే వద్దు.

ఇక మీ ఆరు కిలోలు. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అని పిండిపదార్థపు నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము నిల్వ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. అన్నం ఆపగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీళ్లు బయటికి పోతాయి, కాటా మీద ముల్లు దబదబా పడుతుంది. మన జిల్లాల్లో ఈ డైట్ అంత ఊపు ఊపడానికి కారణం ఆ మొదటి రెండు వారాలే అని నా ఉద్దేశం, పక్కింటాయన పది రోజుల్లో ప్యాంటు వదులైందంటే ఎవరికి ఆశ పుట్టదు? కొవ్వు కూడా కొంత తగ్గింది, కాదనను. కానీ ఆరూ కొవ్వు కాదు.

అదే లెక్క తిప్పి చూడండి. ఒక కిలో కొవ్వు పెరగాలంటే దాదాపు 7,700 కేలరీలు మిగలాలి. నాలుగు రోజుల్లో నాలుగు కిలోల కొవ్వు అంటే ఒంటికి కావాల్సింది పోగా ఇంకో ముప్పై వేల కేలరీలు. ఎంత మటన్ తిన్నా, ఎన్ని ప్లేట్లు బగారన్నం లాగించినా ఒక మనిషికి సాధ్యం కాదది. మీకు తిరిగొచ్చింది చాలావరకు ఆ నీళ్లే, పైన పెళ్లి వంటల ఉప్పు పట్టి ఉంచిన నీళ్లు. మామూలు తిండికి వచ్చి వారం ఆగి ఉంటే అందులో సగానికి పైగా దానంతటదే దిగిపోయేది. పెళ్లి మిమ్మల్ని ఏం చేయలేదు తమ్ముడూ, పెళ్లి అయ్యాక ‘ఇగ వేస్ట్’ అనుకున్న నెలలు చేశాయి.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు, రేపు మీ ఇంకో అక్క పెళ్లికి కూడా తినగలిగే తిండితోనే మొదలుపెట్టండి. నైట్ షిఫ్ట్‌కి ఒక మాట: తెల్లారి మూడింటికి క్యాంటీన్‌లో తినే నూడుల్స్, రెండు టీలు, అది మీకు నాలుగో పూట. చాలామంది దాన్ని లెక్కలో వేయరు. ఇంటి నుంచి గుడ్లు, పెసర గుగ్గిళ్లు ఏవో పట్టుకెళ్లండి. పగలు కర్టెన్ వేసి ఏడు గంటలు పడుకోండి, నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది.

ఉత్తరం: ఇది ప్రశ్న కాదండీ, మీరు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాని. ఆరేళ్ల క్రితం 96 కిలోలు. ఓ మధ్యాహ్నం టిక్కీలు (మిర్చి బస్తాలు) తూచే కాటా ఖాళీగా ఉంటే హమాలీలు నన్ను ఎక్కించి, ‘అన్నా, రెండు టిక్కీలున్నావ్, పైన చిల్లర’ అని ఒకటే నవ్వు. నాకు కోపం వచ్చింది గానీ, రాత్రంతా అదే మెదిలింది.

నేను డైటూ గియిటూ ఏమీ చేయలేదు. ముందు పట్టుకున్నది టీలు. కొట్టుకి వచ్చిన ప్రతి రైతుకీ టీ చెప్పాలి, వచ్చిన ప్రతి వ్యాపారికీ చెప్పాలి, వాళ్లతో పాటు మనమూ తాగాలి, లేకపోతే మర్యాద కాదు. రోజుకి ఎనిమిదికి తక్కువుండవు. టీ కుర్రాడికి చెప్పి నా గ్లాసు వరకు పంచదార లేకుండా, సగమే పోయించుకున్నాను. మొదటి వారం కషాయంలా ఉంది, తర్వాత అలవాటైపోయింది. రెండోది బజ్జీలు. గుంటూరోళ్లం, మిరపకాయ బజ్జీ మానేస్తామా? రోజూ నాలుగు తినేవాణ్ణి, వారానికి రెండు రోజులు, రోజుకి రెండు చేశాను. మూడోది రాత్రి భోజనం. సీజన్‌లో ఇంటికెళ్లేసరికి పదిన్నర, ఆకలి మీద పళ్లెం నిండా పెట్టుకుని తిని అలాగే పడుకునేవాణ్ణి. ఇప్పుడు మా ఆవిడ రాత్రికి కూడా క్యారేజీ పంపుతుంది, ఎనిమిదింటికి కొట్లోనే తినేస్తాను, ఇంటికెళ్లాక మజ్జిగ.

ఏడాదిన్నర పట్టింది 77కి రావడానికి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముంచెత్తే రోజుల్లో రెండు కిలోలు పెరుగుతాను, తప్పదు. వేసవిలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు అవి దించేస్తాను. వారానికోసారి అదే కాటా మీద ఎక్కుతాను, హమాలీలే చదివి చెప్తారు. 79 దాటితే బజ్జీలు పూర్తిగా బంద్, మళ్లీ కిందికి వచ్చేదాకా. ఏం డైట్ చేశావని అందరూ అడుగుతారు, ఏమీ లేదంటే నమ్మరండీ. (గుంటూరు)

జవాబు: నేను నమ్ముతాను. చెంచాకి అయిదు గ్రాములు వేసుకున్నా, టీకి రెండు చెంచాల పంచదార, ఎనిమిది టీలకి 80 గ్రాములు, 320 కేలరీలు. టీ కుర్రాడితో ఒక్క మాట మాట్లాడి మీరు తగ్గించినది, విజయవాడ నుంచి ఉత్తరం రాసిన పెద్దాయన (కింద చూడండి) రోజూ గంటకు పైగా నడిచి కాలుస్తున్నదానికి సమానం.

ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది 79 అనే అంకె. తగ్గడానికి అందరూ ఒక అంకె పెట్టుకుంటారు, ఆగడానికి ఎవరూ పెట్టుకోరు. ఈయన పెట్టుకున్నారు, దాటితే ఏం చేయాలో ముందే తేల్చుకున్నారు, అప్పటికప్పుడు ఆలోచించి బాధపడే పని లేదు. అమెరికాలో 1994లో ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టారు, కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవాళ్లని చేర్చుకుని వాళ్ల అలవాట్లు రాసుకున్నారు. అందులో నూటికి 75 మంది వారానికి ఒకసారైనా కాటా ఎక్కేవాళ్లే. అలాగని కాటా ఎక్కితే తగ్గిపోతారని కాదు, ఓడిపోయినవాళ్లు ఆ రిజిస్ట్రీలో ఉండరు కదా, వాళ్లూ రోజూ ఎక్కి ఉండొచ్చు. కానీ పెరిగిన రెండు కిలోలు రెండుగా ఉన్నప్పుడే తెలియాలంటే వేరే దారి నాకు తెలీదు. ప్యాంటు బిగుతైతే చూద్దాం అనుకుంటే అప్పటికి అయిదారు వచ్చేసి ఉంటాయి, ఇప్పటి ప్యాంట్లు సాగుతాయి కూడా.

సీజన్‌లో పెరగడాన్ని ఈయన తప్పుగా లెక్కేసుకోకపోవడం కూడా గమనించండి. ఉద్యోగం అది, ఏం చేస్తారు.

ప్రశ్న: రిటైర్డ్ ఉద్యోగిని, 64 ఏళ్లు. రెండేళ్ల క్రితం తొమ్మిది కిలోలు తగ్గాను, తర్వాత ఆగిపోయింది, పైగా ఈమధ్య ఒకటి రెండు పెరుగుతున్నాయి. రోజూ పొద్దున్నే స్నేహితులతో కృష్ణ ఒడ్డున నడక, ఫోన్‌లో 10,000 అడుగులు పూర్తయ్యేదాకా వదలను. నడక అయ్యాక అందరం కలిసి టిఫిన్ చేసి ఇంటికొస్తాం. అడుగులు 15,000 చేయమంటారా? (విజయవాడ)

జవాబు: వద్దు, మోకాళ్లు జాగ్రత్త. ఆ పదివేలు ఏ డాక్టరూ కనిపెట్టిన అంకె కాదు, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని ఆ అంకెతో అమ్మింది, అది అలా ప్రపంచమంతా పాకింది. 2019లో అమెరికాలో 16 వేల మందికి పైగా పెద్ద వయసు ఆడవాళ్ల మీద చూస్తే, రోజుకి సుమారు 7,500 అడుగుల దగ్గరికొచ్చేసరికి ఆయుష్షుకి కలిగే లాభం దాదాపు అక్కడితో ఆగింది. మీ పదివేలు ఎక్కువే.

మీ ఉత్తరంలో నాకు దొరికింది చివరి వాక్యం. విజయవాడలో పొద్దున్నే ‘టిఫిన్’ అంటే ఏమిటో నాకు తెలుసు. పదివేల అడుగులకి మీ వయసులో 300 కేలరీలు ఖర్చయ్యాయనుకుందాం, ఒక నెయ్యికారం దోశె, స్నేహితుడి ప్లేట్లోంచి రెండు పునుగులు, కాఫీ, అక్కడికి నడక చెల్లు, ఇంకా బాకీ. నడక మానొద్దు, స్నేహితుల్నీ మానొద్దు, రెండిడ్లీలు చెప్పుకుని కబుర్లు ఎక్కువ తినండి.

వ్యాయామం చేస్తే చాలు, తగ్గిపోతామని ఒక అపోహ ఉంది. తగ్గడానికి అది చేసే సాయం తక్కువ, చాలామంది నిరాశపడేది ఇక్కడే. తగ్గినది నిలబెట్టుకోవడానికి మాత్రం చాలా చేస్తుంది. పైన చెప్పిన రిజిస్ట్రీలో నూటికి 90 మంది రోజుకి సగటున గంట ఏదో ఒక వ్యాయామం చేసేవాళ్లే. మీకు ఇప్పుడు అవసరమైనది అడుగులు కాదు, బలం. ఈ వయసులో తగ్గిన కిలోల్లో కండ కూడా పోతుంది, కండ పోతే ఒంటి ఖర్చూ తగ్గుతుంది, బాత్రూమ్‌లో కాలు జారితే నిలదొక్కుకోవడమూ కష్టం. కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం, మళ్లీ కూర్చోవడం, పదిసార్లు. గోడకి చేతులు పెట్టి తోయడం. వారానికి మూడు రోజులు చాలు. బీపీ, గుండె సమస్యలుంటే డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. రోజూ ఒక గుడ్డు, లేదా పప్పు ఇంకొంచెం గట్టిగా.

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌లో డాక్టర్ రాస్తే బరువు తగ్గే ఇంజెక్షన్ వేసుకుంటున్నాడు, ఆర్నెల్లలో చాలా తగ్గాడు. నాకూ వేసుకోవాలనుంది. ఇంట్లో అందరూ అది అడ్డదారి అంటున్నారు. అసలు ఎన్నాళ్లు వేసుకోవాలి, ఆపేస్తే ఏమవుతుంది? (విశాఖపట్నం)

జవాబు: అడ్డదారి అనే మాట నాకు నచ్చదు. బీపీ మాత్రని ఎవరూ అడ్డదారి అనరు. 2025లో మౌంజారో, వెగోవీ అనే ఈ ఇంజెక్షన్లు మన దేశంలో దొరకడం మొదలయ్యాక నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది మీ ప్రశ్నే.

ఆపేస్తే ఏమవుతుందో ఇప్పటికే కొలిచి చూశారు. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్‌ని 68 వారాలు తీసుకుని సగటున 17 శాతం బరువు తగ్గినవాళ్లని, మందు ఆపాక ఇంకో ఏడాది గమనించారు. తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. ఆశ్చర్యం ఏమీ లేదు, ఏలూరు టీచర్ గారికి చెప్పిన ఆకలే ఇదీ, మందు దాన్ని నొక్కి పెట్టింది, మందు పోగానే లేచింది. కాబట్టి ‘మూడు నెలలు వేసుకుని పెళ్లికి తగ్గిపోతా’ అనేవాళ్లకి ఇది డబ్బు దండగ. ఏళ్ల తరబడి వాడే మందు, నెలనెలా ఖర్చు, వికారం, మలబద్ధకం లాంటివి ఉంటాయి, కొందరు అసలు వాడకూడదు. మీకు షుగర్, నిద్రలో ఊపిరాడకపోవడం, కీళ్ల అరుగుదల లాంటివి ఉంటే డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి. మెడికల్ షాపులో తెలిసినవాడి చేత తెప్పించుకోవడం, తమ్ముడి పెన్ను పంచుకోవడం మాత్రం అస్సలు చేయొద్దు.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. ఆకలి లేదు కదా అని పొద్దున టీ, మధ్యాహ్నం రెండు ముద్దల పెరుగన్నంతో గడిపేస్తుంటే కండ కరుగుతుంది. తినే ఆ కాస్తలోనే గుడ్డు, చేప, పప్పు, పెరుగు ముందు తినాలి, అన్నం ఆఖర్న.

ప్రశ్న: పెళ్లయి మూడేళ్లు, బాబు పుట్టాక పెరిగిన పదకొండు కిలోలు కష్టపడి తగ్గించుకున్నాను. ఇప్పుడు సమస్య మా అత్తగారు. చాలా మంచావిడండీ, ఆవిడతో ఏ గొడవా లేదు. కానీ కూర్చుని తింటుంటే పక్కన నిలబడి వడ్డిస్తారు. ‘ఎముకలు తేలిపోయాయి, పిల్లాడి తల్లివి’ అని ముద్దపప్పు, నెయ్యి, మళ్లీ అన్నం. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. నెలకి అరకిలో చొప్పున పెరుగుతున్నాను. (రాజమహేంద్రవరం)

జవాబు: గోదావరి జిల్లాల్లో వడ్డించే చేతికి అడ్డం పడటం కంటే గోదావరికి అడ్డం పడటం తేలిక, తెలుసు. వద్దు అనే మాటనే తీసేయండి. ఆవిడకి కావాల్సింది మీరు అన్నం తినడం కాదు, ఆవిడ పెట్టింది తినడం. ‘అత్తయ్యగారూ, పనసపొట్టు కూర ఎంత బాగుందండీ, ఇంకాస్త వేయండి’ అని మీరే ముందు అడగండి. గరిటె కూర గిన్నెలో ఉంటే అన్నం గిన్నెలోకి వెళ్లదు. అన్నం మొదట మీరే పెట్టుకుని కూర్చోండి, నెయ్యి మాత్రం ఆవిడ చేత్తోనే వేయించుకోండి, ఒక్క చెంచా, నెయ్యి విషయంలో ఆవిడ మాట నెగ్గనివ్వండి. పెరుగు దగ్గరికొచ్చేసరికి మళ్లీ అన్నం పడే ప్రమాదం ఉంది, అప్పుడు పెరుగుని మజ్జిగ చేసుకుని తాగేయండి.

ఇంకోటి, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు ఆవిడతో నిజం చెప్పండి. డెలివరీ అప్పుడు బీపీగానీ షుగర్‌గానీ వచ్చి ఉంటే అది చెప్పండి, ఆ షుగర్ వచ్చినవాళ్లకి తర్వాత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ, బరువు పెరగకుండా చూసుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే. ‘పిల్లాడి తల్లివి’ అన్నది ఆవిడే కదా, ఆ మాటనే పట్టుకోండి. మీ ఆయన చేత చెప్పించకండి, కొడుకు చేత చెప్పిస్తే అది వేరే గొడవవుతుంది.

ప్రశ్న: నాకు థైరాయిడ్ ఉంది. అందుకే తగ్గినా నిలబడటం లేదు కదా? (అనంతపురం)

జవాబు: కొంతవరకే. థైరాయిడ్ తక్కువగా పనిచేయడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచే ఉప్పు, నీరు. మాత్ర సరిగ్గా వేసుకుంటూ, రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె) మామూలుగా ఉంటే మిగతా కిలోలకి దాన్ని అనొద్దు. మాత్ర పరగడుపున, నీళ్లతో, కాఫీకి అరగంటో గంటో ముందు. కాఫీతో కలిపి వేసుకునేవాళ్లు ఎంతమందో.

ప్రశ్న: ఎంత తగ్గితే చాలు? నా ఎత్తుకి 58 ఉండాలని చార్టులో ఉంది, నేను 84 నుంచి 76కి వచ్చి రెండేళ్లుగా అక్కడే ఉన్నాను. ఓడిపోయినట్టేనా? (నిజామాబాద్)

జవాబు: ఎనిమిది కిలోలు తగ్గి రెండేళ్లు నిలబెట్టారా? పై ఉత్తరాలు రాసినవాళ్లలో సగం మంది మీ పాదాలకి దండం పెడతారు. ఉన్న బరువులో అయిదు నుంచి పది శాతం తగ్గినా బీపీ, షుగర్, కాలేయంలో కొవ్వు మెరుగుపడతాయి, మీరు తొమ్మిదిన్నర శాతం తగ్గారు. ఆ చార్టు తీసి పక్కన పెట్టి, టేపు తీసుకోండి. మనవాళ్లకి పొట్ట దగ్గర చేరే కొవ్వే ఎక్కువ చేటు, అందుకే భారతీయులకి నడుము హద్దు ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 అని పెట్టారు. పక్కటెముకల చివరికీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడండి, పొట్ట లోపలికి పీల్చుకుని కాదు. అంకె ఎంతొచ్చిందో వచ్చే నెలకి రాయండి, బీపీ, పరగడుపు షుగర్ రిపోర్టులుంటే వాటి అంకెలు కూడా, అప్పుడు ఇంకా తగ్గాలో అక్కర్లేదో మాట్లాడుకుందాం.